న్యాయవిద్యను కక్షిదారుని గడప వరకు తీసుకురావాలని శ్రమించిన ఆచార్య మాధవ మీనన్

ప్రత్యేక వ్యాసం

క్రోసూరు (పల్నాడు జిల్లా): పత్తి, మిరప సాగుచేసే క్రోసూరు మండలంలో ఒక కౌలు రైతుకు, భూయజమానికి మధ్య వివాదం తలెత్తిందని అనుకుందాం. అడంగల్‌లో సాగుదారుగా ఎవరి పేరు నమోదైంది, కౌలు ఒప్పందం కాగితంపై ఉన్నదా లేక మాట మీదనే నడిచిందా, అప్పు కోసం వ్రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి తీరిపోయిందా, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఆ రైతుకు కార్డు మంజూరైందా అన్నవి మొట్టమొదట తేలవలసిన విషయాలు. సుప్రీంకోర్టు తీర్పులను ధారాళంగా ఉదహరించగలిగినా ఒక అడంగల్ నకలును చదవలేని న్యాయవాది వలన ఆ రైతుకు ఒరిగేది స్వల్పమే. చట్టాన్ని, ఈ కాగితాలను, ఆ మనిషిని ఒకేసారి అర్థం చేసుకోగల న్యాయవాదిని తయారుచేయడం ఎట్లా అన్న ప్రశ్నకు తన జీవితంలో దాదాపు అరవై సంవత్సరాలు వెచ్చించిన విద్యావేత్త ఆచార్య నీలకంఠ రామకృష్ణ మాధవ మీనన్.

ఆయన కేరళీయులు. అయినప్పటికీ హైదరాబాదులోని నల్సార్‌కు గాని, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి గాని మూల నమూనా ఆయన బెంగుళూరులో నెలకొల్పిన విద్యాసంస్థయే. దేశంలో నేడు ఐదేళ్ల న్యాయ విద్యను, న్యాయ కళాశాలల్లోని న్యాయ సహాయ కేంద్రాలను, న్యాయమూర్తుల శిక్షణను గురించి వ్రాసే పాత్రికేయులకు గాని, వాటిని అమలుచేసే అధికారులకు గాని ఆయన కృషిని తెలుసుకోవడం అవసరం. ఆ కృషిలో నెరవేరిన భాగమెంత, నెరవేరని భాగమెంత అన్నదీ అంతే ముఖ్యం.

న్యాయస్థానం నుంచి తరగతి గదికి

మాధవ మీనన్ 1935 మే 4న తిరువనంతపురంలో జన్మించారు. న్యాయశాస్త్ర పట్టా పొంది 1956లో కేరళ హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యారు. అనంతరం కేంద్ర సచివాలయ ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరి, అక్కడి నుంచి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఉన్నత న్యాయ విద్యనభ్యసించి, డాక్టరేటు పొంది, 1960లో అక్కడనే అధ్యాపకులయ్యారు. 1965లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి మారి, క్రమంగా క్యాంపస్ లా సెంటర్ అధిపతి స్థాయికి ఎదిగారు. కొంతకాలం పుదుచ్చేరి ప్రభుత్వ న్యాయ కళాశాల ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు.

ఆ రోజులలో దేశంలోని న్యాయ కళాశాలల స్థితి ఎట్లా ఉండేదో పాతతరం న్యాయవాదులకు గుర్తుండే ఉంటుంది. ఉదయమో సాయంత్రమో రెండు మూడు గంటల తరగతులు, కోర్టు పని ముగించుకుని వచ్చే తాత్కాలిక అధ్యాపకులు, వారు చెప్పి వ్రాయించే నోట్సు, పరీక్షకు నెల ముందు బజారులో దొరికే గైడు. వేరే ఉద్యోగం దొరికేవరకు చేతిలో ఉంటుందని చేరేవారు, పదోన్నతి కోసం చేరే గుమాస్తాలు తరగతిలో ఎక్కువ భాగం. న్యాయవాదుల చట్టం 1961లో వచ్చింది. న్యాయ విద్య ప్రమాణాలను నిర్దేశించే బాధ్యత ఆ చట్టం ద్వారా విశ్వవిద్యాలయాలతో పాటు భారత న్యాయవాదుల మండలికి, అనగా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు సంక్రమించింది. అయితే ఆ తరువాత రెండు దశాబ్దాలలో కళాశాలల సంఖ్య పెరిగినంతగా ప్రమాణం పెరగలేదు.

ఢిల్లీలో మీనన్ చేసిన ప్రయత్నం వేరు. చట్టాన్ని పుస్తకంలో కాక కక్షిదారుని ముఖంలో చదవాలన్న ఉద్దేశంతో విద్యార్థులను న్యాయ సహాయ కార్యక్రమాలకు తీసుకువెళ్లారు. వైద్య విద్యార్థి రోగి పడక వద్ద నేర్చుకుంటున్నప్పుడు న్యాయ విద్యార్థి మాత్రం రోగిని చూడకుండానే వైద్యుడు కావలసి వస్తున్నదన్నది ఈ పద్ధతికి ఆధారమైన వాదం. ఈ పద్ధతినే ప్రయోగాత్మక న్యాయ విద్య అంటున్నాము. దానిపై ఆయన సంపాదకత్వంలో 1998లో వెలువడిన గ్రంథం మన దేశంలో ఆ విషయానికి ప్రామాణికమైనదిగా పరిగణింపబడుతున్నది.

కాలం కూడా అందుకు అనుకూలించింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన ఏర్పడిన న్యాయ సహాయ నిపుణుల సంఘం 1973లో నివేదిక సమర్పించింది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 39ఎ అధికరణం చేరి, పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం నిరాకరింపబడరాదన్న సూత్రం ఆదేశిక సూత్రాలలో స్థానం పొందింది. న్యాయ సహాయం ప్రభుత్వ బాధ్యత అయితే, దానిని అందించే న్యాయవాదులు ఎక్కడి నుంచి రావాలి? మీనన్ జీవితకాల కృషి ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

బెంగుళూరు ప్రయోగం

ఐదేళ్ల సమీకృత న్యాయ విద్యను ప్రవేశపెట్టాలని బార్ కౌన్సిల్ 1982లో నిర్ణయించింది. దానికి ఒక ఆదర్శ విద్యాసంస్థ అవసరమైంది. ఆ బాధ్యత మీనన్‌కు అప్పగింపబడింది. కర్ణాటక శాసనసభ 1986లో ఆమోదించిన చట్టం ద్వారా భారత జాతీయ న్యాయ పాఠశాల విశ్వవిద్యాలయం ఏర్పడగా, 1988 జూలైలో తరగతులు ప్రారంభమయ్యాయి. మీనన్ పన్నెండేళ్ల పాటు దానికి వ్యవస్థాపక సంచాలకులుగా వ్యవహరించారు.

అక్కడ ఆయన చేసిన మార్పులు నేడు సాధారణంగా కనిపిస్తాయి గాని ఆనాడు అవి విప్లవాత్మకాలు. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థిని ప్రవేశ పరీక్ష ద్వారా ఎంపికచేయడం, చరిత్ర, అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రాలను న్యాయశాస్త్రంతో కలిపి బోధించడం, ఏడాదిని మూడు భాగాలుగా విభజించి నిరంతర మూల్యాంకనం చేయడం, ఒకే అంశాన్ని ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి బోధించడం, నమూనా న్యాయస్థానాలు, న్యాయ సహాయ కేంద్రంలో పని, ప్రతి విషయంలోనూ పరిశోధనా వ్యాసం. చాలాకాలం వరకు ఏటా చేరిన విద్యార్థులు 80 మంది మాత్రమే. అధ్యాపకులు పూర్తికాలపు వారు. విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు లేకపోవడంతో ఆ 80 మందిపైనే దృష్టి నిలిచింది.

తొలి బృందం 1993లో పట్టాలు పుచ్చుకుని బయటకు వచ్చింది. ఇక్కడ ఒక విచిత్రమైన యాదృచ్ఛికతను గమనించవలసి ఉంది. 1991లో ఆర్థిక సరళీకరణ ఆరంభమై, విదేశీ పెట్టుబడులు, కంపెనీల విలీనాలు, ఒప్పందాల పని వెల్లువెత్తిన వేళకే ఈ సుశిక్షితులు అందుబాటులోకి వచ్చారు. ముంబై, ఢిల్లీ న్యాయ సంస్థలు వారికి పెద్ద జీతాలతో స్వాగతం పలికాయి. జిల్లా న్యాయస్థానాలకు, న్యాయ సహాయానికి అని తయారుచేసిన వారిలో అధికులు కార్పొరేటు రంగానికి తరలిపోయారు. ఈ పరిణామంపై మీనన్ స్వయంగా పలుమార్లు అసంతృప్తి వ్యక్తపరిచారు. అయితే తప్పు విద్యార్థులదని అనడం తేలిక. జిల్లా కోర్టులో జూనియర్‌గా చేరిన యువకునికి తొలి మూడు నాలుగేళ్లు బస్సు ఛార్జీలకైనా సరిపడే రాబడి లేనప్పుడు, విద్యా రుణం తీర్చవలసిన పట్టభద్రుడు ఎటు వెళతాడో ఊహించడం కష్టం కాదు.

బెంగుళూరు తరువాత ఆయన 1998 నుంచి 2003 వరకు కోల్‌కతాలోని పశ్చిమ బెంగాల్ జాతీయ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగానూ, 2003 నుంచి 2006 వరకు భోపాల్‌లోని జాతీయ న్యాయ అకాడమీకి సంచాలకులుగానూ పనిచేశారు. న్యాయవాదికి చదువు చెప్పిన వ్యక్తి ఆ విధంగా న్యాయమూర్తులకూ శిక్షణ ఇచ్చే స్థానానికి చేరారు. భారత న్యాయ కమిషన్, నేర న్యాయ వ్యవస్థ సంస్కరణలపై జస్టిస్ మళీమఠ్ సంఘం, కేంద్ర రాష్ట్ర సంబంధాలపై జస్టిస్ పూంఛీ కమిషన్‌లలో సభ్యులుగా ఉన్నారు. 2003లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2019 మే 8న తిరువనంతపురంలో కన్నుమూయగా, 2020లో మరణానంతరం పద్మభూషణ్ ప్రకటింపబడింది.

సమాచార శాఖల సిబ్బందికి ఆయన పేరు మరొక కారణంగానూ పరిచితమే. ప్రభుత్వ ప్రకటనల నియంత్రణకు మార్గదర్శకాలు సూచించేందుకు 2014లో సుప్రీంకోర్టు నియమించిన త్రిసభ్య సంఘంలో ఆయన అధ్యక్షులు. ప్రకటన ప్రభుత్వ బాధ్యతలకు సంబంధించినదై ఉండాలని, నిష్పాక్షికంగా ఉండాలని, పార్టీ ప్రయోజనాలకు ఉపకరించరాదని, వ్యయం సమర్థనీయంగా ఉండాలని, చట్టాలకు లోబడి ఉండాలని ఆ సంఘం చెప్పిన సూత్రాలను న్యాయస్థానం 2015 మే 13 నాటి తీర్పులో చాలావరకు ఆమోదించింది. ఛాయాచిత్రాల విషయంలో మాత్రం సంఘం సూచనను మార్చి రాష్ట్రపతి, ప్రధానమంత్రి, భారత ప్రధాన న్యాయమూర్తులకే అనుమతినిచ్చింది. 2016లో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రులకు సడలింపు లభించిన సంగతి విదితమే.

తెలుగు నేలపై ఆ నమూనా

బెంగుళూరు నమూనాను తొలిదశలోనే అందిపుచ్చుకున్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1998లో శాసనసభ చేసిన చట్టం ద్వారా నల్సార్ ఏర్పడింది. ఆచార్య రణబీర్ సింగ్ వ్యవస్థాపక ఉపకులపతిగా 2008 వరకు దానిని తీర్చిదిద్ది, అనంతరం ఢిల్లీలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయ స్థాపనకు తరలివెళ్లారు. 2008లో మరొక చట్టం ద్వారా విశాఖపట్నం కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ న్యాయ విశ్వవిద్యాలయం నెలకొల్పబడి, పిదప దామోదరం సంజీవయ్య పేరు సంతరించుకున్నది. రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి అయిన సంజీవయ్య స్వయంగా మద్రాసు న్యాయ కళాశాల పట్టభద్రులు కావడం వలన ఆ పేరు మరింత సముచితమైనది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన తరువాత నల్సార్ తెలంగాణలోనూ, సబ్బవరం ప్రాంగణం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండిపోయాయి.

ఈ ఆదాన ప్రదానం ఏకపక్షమైనది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిన ఆర్. వెంకటరావు 2009 నుంచి 2019 వరకు, అనగా దశాబ్దకాలం, మీనన్ స్థాపించిన బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వ్యవహరించారు. న్యాయ విద్య, వృత్తి శిక్షణలపై భారత న్యాయ కమిషన్ 2002 డిసెంబరులో సమర్పించిన 184వ నివేదికకు అధ్యక్షత వహించినది జస్టిస్ ఎం. జగన్నాథరావు. విశ్రాంత న్యాయమూర్తులను, అనుభవజ్ఞులైన న్యాయవాదులను బోధనలో వినియోగించుకోవాలని, కోర్టు వెలుపల వివాద పరిష్కారంలో విద్యార్థులకు తప్పనిసరిగా తర్ఫీదు ఇవ్వాలని ఆ నివేదిక సూచించింది.

వృత్తిలో ప్రవేశించే ముందు శిక్షణ ఉండాలన్న ఆలోచనకు మాత్రం దారి సుగమం కాలేదు. నమోదుకు ముందు ఏడాది శిక్షణను తప్పనిసరి చేస్తూ బార్ కౌన్సిల్ చేసిన 1995 నాటి నియమాలను, అటువంటి అధికారం న్యాయవాదుల చట్టంలో లేదన్న కారణంతో సుప్రీంకోర్టు 1999లో వి. సుధీర్ కేసులో కొట్టివేసింది. పిమ్మట అఖిల భారత బార్ పరీక్ష వచ్చింది. 2011లో తొలిసారి జరిగిన ఆ పరీక్ష చెల్లుబాటును 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. పుస్తకాలను వెంట తీసుకువెళ్లే అవకాశంతో మొదలైన ఆ పరీక్ష, కక్షిదారునితో మాట్లాడటం వచ్చునో లేదో తేల్చగలదా అన్నది వేరే విషయం.

క్రోసూరుకు చేరినదెంత

క్రోసూరు మండలం సత్తెనపల్లి రెవిన్యూ డివిజన్‌లోనిది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకు గుంటూరు జిల్లాలో భాగం. ఇక్కడి నుంచి న్యాయ విద్యకు వెళ్లదలచిన విద్యార్థి ముందు రెండు దారులున్నాయి. ఒకటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన క్లాట్. ఏడు విశ్వవిద్యాలయాలతో 2008లో ప్రారంభమైన ఈ పరీక్ష పరిధిలోకి నేడు ఇరవైకి పైగా విశ్వవిద్యాలయాలు వచ్చాయి. పరీక్ష ఆరంభం నుంచి ఆంగ్లంలోనే జరుగుతూ వస్తున్నది. శిక్షణ కేంద్రాలు నగరాలకే పరిమితం. పైగా ఫీజులు లక్షలలో ఉంటాయి. ఈ అంతరాన్ని పూరించేందుకు కోల్‌కతా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న షంనాద్ బషీర్ 2010లో ప్రారంభించిన ఉద్యమం గ్రామీణ, బలహీన వర్గాల విద్యార్థులను ఎంపికచేసి శిక్షణ ఇచ్చింది. రెండవ దారి లాసెట్. తెలుగు మాధ్యమం వారికీ అందుబాటులో ఉండే ఈ పరీక్ష ద్వారా ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, గుంటూరు పరిసర న్యాయ కళాశాలలలో మూడేళ్ల, ఐదేళ్ల కోర్సులలో ప్రవేశం లభిస్తుంది.

పల్నాడు కోర్టులలో వకాల్తా దాఖలు చేసే న్యాయవాదులలో అత్యధికులు ఈ రెండవ దారిన వచ్చినవారే. మనోవర్తి, చెక్కు బౌన్సు, సరిహద్దు తగాదా, మోటారు ప్రమాద పరిహారం కేసులను నిత్యం నడిపేదీ వారే. కనుక సంస్కరణ ఫలితాన్ని కొలవవలసినది బెంగుళూరులోనో షామీర్‌పేటలోనో కాదు, ఈ సాధారణ కళాశాలల తరగతి గదులలో. బార్ కౌన్సిల్ 1997లో జారీచేసిన ఆదేశం ద్వారా దేశంలోని ప్రతి న్యాయ కళాశాలలోనూ నాలుగు ప్రయోగాత్మక పత్రాలు తప్పనిసరి అయ్యాయి. నమూనా న్యాయస్థానం, దావా పత్రాల రచన, వృత్తి ధర్మం, న్యాయ సహాయం అన్నవి వాటి సారాంశం. మీనన్ పాతికేళ్ల వాదన ఆ విధంగా ప్రతి కళాశాల పాఠ్యప్రణాళికలోకి వచ్చింది. ఆచరణలో అనేక చోట్ల అది రికార్డు పుస్తకం నింపి మార్కులు వేయించుకోవడంగా మిగిలిపోయిందన్నది కూడా కాదనలేని సత్యం.

దీనికి ఒక నిర్మాణపరమైన కారణమున్నది. పూర్తికాలపు న్యాయ అధ్యాపకుడు సాధారణంగా కోర్టులో వృత్తి చేయరాదు. విద్యార్థి కక్షిదారుని తరఫున వాదించరాదు. అందుచేత కళాశాలలోని న్యాయ సహాయ కేంద్రం సలహా, దరఖాస్తు రచన, చైతన్య సదస్సులకు పరిమితమై, అసలు కేసు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతున్నది. కొన్ని విదేశాలలో వలె అధ్యాపకుని పర్యవేక్షణలో విద్యార్థి వాదించే వెసులుబాటు మన చట్టంలో లేదు.

అయినా ఒక వంతెన ఉన్నది. 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలోని 4వ సెక్షన్, బార్ కౌన్సిల్‌ను సంప్రదించి ప్రయోగాత్మక న్యాయ విద్యను ప్రోత్సహించవలసిన బాధ్యతను, న్యాయ కళాశాలలలో సేవా కేంద్రాల స్థాపనను పర్యవేక్షించవలసిన బాధ్యతను జాతీయ న్యాయ సేవల అధికార సంస్థపై ఉంచింది. 2011 నాటి న్యాయ సేవా కేంద్రాల నిబంధనలు ఒక అడుగు ముందుకు వేసి, న్యాయ విద్యార్థులు మారుమూల గ్రామాన్ని దత్తత తీసుకుని అక్కడి సమస్యలను సర్వే చేసేందుకు, శిబిరాలు నిర్వహించేందుకు వీలు కల్పించాయి. గుంటూరు పరిసర కళాశాల ఏదైనా క్రోసూరు మండలంలోని ఒక గ్రామాన్ని ఎంచుకుని, కౌలు కార్డులు, అడంగల్ సవరణలు, వితంతు మహిళల వారసత్వ హక్కులపై ఏడాదిపాటు పనిచేయడానికి కొత్త చట్టం గాని, కొత్త ఉత్తర్వు గాని అవసరం లేదు. కళాశాల, మండల న్యాయ సేవాధికార కమిటీ, తహసీల్దారు కార్యాలయం పరస్పరం సంప్రదించుకుంటే సరిపోతుంది.

యువ న్యాయవాది గ్రామీణ ప్రాంతంలో నిలబడాలంటే తొలి సంవత్సరాల ఆదాయం మరొక చిక్కు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరు 3న ప్రారంభించిన పథకం జూనియర్ న్యాయవాదులకు వృత్తిలో తొలి మూడేళ్లు నెలకు 5,000 రూపాయల భృతి ఇచ్చింది. జూనియర్లకు పట్టణ ప్రాంతాలలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయల కనీస భృతి చెల్లించాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సీనియర్లకు సిఫారసు చేసింది. అది సిఫారసు మాత్రమే, నిర్బంధం కాదు. మండల స్థాయిలో పనిచేసే సీనియర్లలో ఎంతమంది అంత మొత్తం చెల్లించగలరన్నది స్థానిక న్యాయవాదుల సంఘాలను అడిగి పాత్రికేయులు తెలుసుకోదగిన విషయం. నేర విచారణలలో పేద ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే న్యాయవాదులను నియమించే విధానాన్ని జాతీయ న్యాయ సేవల అధికార సంస్థ 2022లో తీసుకువచ్చింది. పేదల పక్షాన వాదిస్తూనే నెలసరి పారితోషికం పొందే అవకాశం జిల్లా స్థాయి యువ న్యాయవాదికి దీనితో ఏర్పడింది.

ఉచిత న్యాయ సహాయానికి అర్హులెవరన్నది ఆ చట్టంలోని 12వ సెక్షన్ వివరిస్తున్నది. మహిళలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. ఇతరులకు రాష్ట్రం నిర్ణయించిన వార్షికాదాయ పరిమితి వర్తిస్తుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. పెండింగు కేసు రాజీ అయినచో చెల్లించిన కోర్టు ఫీజు వాపసు లభిస్తుంది. దరఖాస్తును సమీప న్యాయస్థాన ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార కమిటీ కార్యాలయంలో తెల్లకాగితంపై తెలుగులోనే వ్రాసి ఇవ్వవచ్చును. వ్రాయలేనివారు నోటితో చెప్పినా అక్కడి సిబ్బంది నమోదు చేసుకుంటారు. 15100 నంబరుకు ఉచితంగా ఫోను చేసి కూడా సహాయం కోరవచ్చును.